పాత ఇంజనుకు ఎలక్ట్రానిక్ ఇంజక్షను: అంబాసిడర్ ఇంజనుపై ఒక పరిశీలన

పెట్రోలు ఇంజను చేసే పనిని స్థూలంగా మూడు మాటల్లో చెప్పవచ్చు: గాలిని పీల్చుకోవడం, ఆ గాలికి తగినంత పెట్రోలు కలపడం, ఆ మిశ్రమాన్ని మండించడం. వీటిలో రెండవదైన 'తగినంత కలపడం' అనే పనిని దాదాపు ఒక శతాబ్దం పాటు కార్బ్యురేటరు నిర్వహించింది. ఇప్పుడు ఆ పనిని కొత్త కార్లలో ఎలక్ట్రానిక్ ఇంజక్షను నిర్వహిస్తున్నది. పాత కార్లను ప్రేమతో కాపాడుకొనేవారిలో కొందరు తమ ఇంజనుకు కూడా ఈ పద్ధతిని అమర్చుకోవాలని ఉత్సాహపడుతున్నారు. ఈ మార్పులో ఏమి లభిస్తుంది, ఏమి లభించదు, ఎక్కడ ప్రమాదం పొంచి ఉన్నది అనే విషయాలను మన దేశంలో అందరికీ తెలిసిన అంబాసిడర్ కారు ఇంజను ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అంబాసిడర్ బ్రిటన్‌లోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారుకు భారతీయ రూపం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ దీనిని 2014 వరకు తయారు చేసింది. దశాబ్దాల తరబడి ఈ కారును నడిపిన పెట్రోలు ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-శ్రేణికి చెందినది. నాలుగు సిలిండర్లు, 73.025 మిల్లీమీటర్ల వ్యాసం, 88.9 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం ఘనపరిమాణం 1489 సీసీ.

గాలికీ పెట్రోలుకూ గల నిష్పత్తి

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పూర్తి శక్తి కావలసినప్పుడు ఈ నిష్పత్తిని 12.5 ప్రాంతానికి తెస్తారు, అనగా పెట్రోలు పాలు పెంచుతారు. పెట్రోలు మరీ ఎక్కువైతే పొగ, వృథా వ్యయం, ప్లగ్గులకు మసి. మరీ తక్కువైతే అంతకంటె పెద్ద నష్టం: పూర్తి భారం మీద నడిచేటప్పుడు సిలిండరు అతిగా వేడెక్కుతుంది, ఇంజను తట్టడం మొదలవుతుంది, కవాటాలు కాలిపోతాయి.

ఈ విషయానికి ఇటీవల మన దేశంలో కొత్త ప్రాధాన్యం వచ్చింది. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు విక్రయం 2023లో ప్రారంభమై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాలు మండడానికి దాని బరువుకు 9 రెట్ల గాలి మాత్రమే చాలు. కనుక ఈ మిశ్రమ ఇంధనానికి సరియైన నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. శుద్ధ పెట్రోలుకు సరిచేసి ఉంచిన పాత కార్బ్యురేటరు ఈ ఇంధనంతో నడిచినప్పుడు అవసరమైన దానికంటె సుమారు 8 శాతం తక్కువ ఇంధనం ఇస్తుందన్నమాట. జెట్టు తనంతట తాను పెద్దది కాజాలదు గదా!

కార్బ్యురేటరు తెలివి, దాని హద్దు

కార్బ్యురేటరును తక్కువగా అంచనా వేయరాదు. బ్రిటిష్ కార్లలో ప్రసిద్ధమైన ఎస్.యు. కార్బ్యురేటరునే చూడండి. గాలి ప్రవాహం పెరిగినకొద్దీ దానిలోని పిస్టను పైకి లేస్తుంది. పిస్టనుకు అమర్చిన సన్నని సూది జెట్టులోనుండి పైకి వస్తుంది. సూది కొనకు పోయినకొద్దీ సన్నబడుతుంది కనుక జెట్టు మార్గం విశాలమై ఎక్కువ పెట్రోలు వస్తుంది. విద్యుత్తు అక్కర లేదు, లెక్క అక్కర లేదు. ఆ సూది ఆకారమే లెక్క.

అయితే ఈ లెక్క గాలి ద్రవ్యరాశిని నేరుగా కొలవదు. సన్నని మార్గంలో ఏర్పడే పీడన భేదం మీద ఆధారపడి ఊహిస్తుంది. ఎండాకాలంలోగాని, కొండల మీదగాని గాలి సాంద్రత 10 శాతం తగ్గితే మిశ్రమం సుమారు 5 శాతం చిక్కబడుతుంది. చల్లని ఇంజనును లేపడానికి మనిషి చోక్ లాగవలసి వస్తుంది. సూదీ జెట్టూ అరిగిపోతే ఆ అరుగుదల ఎవరికీ కనిపించకుండానే మిశ్రమం మారిపోతుంది.

ఇంజక్షను లెక్క

ఎలక్ట్రానిక్ ఇంజక్షనులో ఊహ స్థానంలో కొలత వస్తుంది. 1967లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ డి-జెట్రానిక్ అనే పద్ధతిని వోక్స్‌వాగన్ కార్లలో ప్రవేశపెట్టింది. అది మానిఫోల్డులోని పీడనాన్ని కొలిచి, దానినిబట్టి ఇంజక్టరు ఎంతసేపు తెరచి ఉండాలో నిర్ణయించేది. నేటి సూక్ష్మ కంప్యూటరు కూడా అదే సూత్రాన్ని పాటిస్తుంది. దానికి కావలసిన సమాచారం ప్రధానంగా నాలుగు చోట్లనుండి వస్తుంది: మానిఫోల్డు పీడనం, లోనికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, ఇంజను నీటి ఉష్ణోగ్రత, క్రాంకు షాఫ్టు స్థానం. చివరిదానికోసం క్రాంకు కప్పీకి 36 పండ్ల చక్రం బిగించి, ఒక పన్ను తొలగిస్తారు. ప్రతి పన్నూ 10 డిగ్రీలు. పన్ను లేని ఖాళీ వచ్చినప్పుడు షాఫ్టు ఎక్కడున్నదో యంత్రానికి తెలుస్తుంది.

ఇప్పుడు మన ఇంజనుకు లెక్క కడదాం. ఒక్కొక్క సిలిండరు ఘనపరిమాణం 372 సీసీ. త్రాటిలు పూర్తిగా తెరచినప్పుడు అందులో 80 శాతం నిండుతుందనుకొంటే 298 సీసీ గాలి. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద, 100 కిలోపాస్కల్ పీడనంలో ఒక సీసీ గాలి బరువు 1.15 మిల్లీగ్రాములు. కనుక సిలిండరులోకి వచ్చే గాలి సుమారు 342 మిల్లీగ్రాములు. 12.5 నిష్పత్తిలో దానికి కావలసిన పెట్రోలు 27.4 మిల్లీగ్రాములు.

నిమిషానికి 240 సీసీ ఇచ్చే ఇంజక్టరు ఒక మిల్లీసెకనులో సుమారు 3 మిల్లీగ్రాములు చల్లుతుంది. కాబట్టి అది 9.2 మిల్లీసెకన్లు తెరచి ఉండాలి. గాలి ఉష్ణోగ్రత 20 నుండి 40 డిగ్రీలకు పెరిగితే గాలి 6 శాతం తగ్గుతుంది. యంత్రం వెంటనే ఆ కాలాన్ని అంత మేరకు తగ్గిస్తుంది. కార్బ్యురేటరు చేయలేనిది ఇదే.

దీనికి తోడు పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజనును కనిపెట్టే లాంబ్డా గ్రాహకం ఒకటి ఉంటుంది. 1976లో వోల్వో కార్లలో మొదలైన ఈ పరికరం ఫలితాన్ని చూచి లెక్కను సరిదిద్దుతుంది. ఇంధనంలో ఇథనాలు ఎంత ఉన్నదో దానికి తెలియనక్కర లేదు. ఆక్సిజను మిగిలితే ఇంధనం పెంచుతుంది, మిగలకపోతే తగ్గిస్తుంది.

జంట మార్గాల చిక్కు

ఇంతవరకు చదివినవారికి పని సులభమే అనిపించవచ్చు. అసలు చిక్కు ఇంజను తలలో ఉన్నది. బి-శ్రేణి ఇంజనులో నాలుగు సిలిండర్లకు గాలి వచ్చే మార్గాలు రెండే. 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4 సిలిండర్లకు ఒకటి.

ఈ ఇంజనులో సిలిండర్లు 1-3-4-2 క్రమంలో పనిచేస్తాయి. మొదటి జంటను గమనించండి. ముందుగా 2వ సిలిండరు గాలి పీలుస్తుంది. క్రాంకు 180 డిగ్రీలు తిరిగేసరికి 1వ సిలిండరు పీల్చడం మొదలుపెడుతుంది. అది మొదలైన తరువాత 540 డిగ్రీల వరకు ఆ మార్గంలో మరెవరూ పీల్చరు. రెండవ జంటలోనూ అంతే: ముందు 3, వెంటనే 4, ఆపై దీర్ఘ విరామం.

మార్గం దగ్గర ఇంజక్టరు బిగించి, విరామ సమయంలో పెట్రోలు చల్లితే ఏమవుతుంది? ఆ పెట్రోలు మార్గంలో నిలిచి, ముందుగా తెరచుకొనే లోపలి సిలిండర్లయిన 2, 3లకు అధిక భాగం చేరుతుంది. చివరనున్న 1, 4 సిలిండర్లకు గాలి దండిగా, పెట్రోలు కొరతగా అందుతుంది. కాలిపోయేవి ఈ రెండే.

పొగగొట్టాలు కలిసిన చోట బిగించిన లాంబ్డా గ్రాహకం ఈ అన్యాయాన్ని చూడలేదు. రెండు సిలిండర్లలో ఎక్కువ, రెండింటిలో తక్కువ ఉంటే సగటు సరిగానే కనిపిస్తుంది. కంప్యూటరు తెర మీద అంకెలు సవ్యంగా ఉన్నా లోపల ఇంజను దెబ్బతింటూ ఉండవచ్చు.

దీనికి పరిష్కారం ఒక్కొక్క సిలిండరుకు దాని వంతు సమయంలోనే వేరుగా చల్లడం. అందుకు క్రాంకు స్థానంతో పాటు కామ్ షాఫ్టు స్థానం కూడా తెలియాలి. కాని మన లెక్కను మరల చూడండి. నిమిషానికి 4500 భ్రమణాల వద్ద క్రాంకు 180 డిగ్రీలు తిరగడానికి పట్టే కాలం 6.7 మిల్లీసెకన్లు. కావలసినదో 9.2 మిల్లీసెకన్లు! ఒకరి వంతు మరొకరి వంతులోకి జొరబడుతుంది. నిమిషానికి 400 సీసీ ఇచ్చే పెద్ద ఇంజక్టరు వేస్తే 5.5 మిల్లీసెకన్లు చాలు, తెరచుకోవడానికి పట్టే 1 మిల్లీసెకను కలిపినా సరిపోతుంది. అయితే ఇంజను నెమ్మదిగా, భారం లేకుండా తిరిగేటప్పుడు ఆ ఇంజక్టరే సుమారు 1 మిల్లీసెకను మాత్రం చల్లవలసి వస్తుంది. అంత చిన్న కాలాన్ని నిలకడగా పాటించడం కష్టం.

ఇదే సమస్యను బ్రిటన్‌లోని రోవర్ సంస్థ కూడా ఎదుర్కొన్నది. మినీ కారులోని ఎ-శ్రేణి ఇంజనుకు కూడా జంట మార్గాలే. 1991లో వారు త్రాటిలు వద్ద ఒకే ఇంజక్టరు అమర్చారు. 1996లో జంట మార్గాలకు చెరియొక ఇంజక్టరు ఇచ్చి, కాలబద్ధంగా చల్లే పద్ధతికి మారారు. సొంతంగా మార్పు తలపెట్టే వారికి మొదటి పద్ధతే శ్రేయస్కరం. త్రాటిలు వద్ద చల్లిన పెట్రోలు కార్బ్యురేటరులో వలెనే గాలితో కలిసి ప్రయాణిస్తుంది, పంపకం పాత పద్ధతిలోనే జరుగుతుంది. కొలత మాత్రం కొత్తది. మన లెక్క ప్రకారం అందుకు నిమిషానికి 330 సీసీ పెట్రోలు కావాలి. ఇంజక్టరును నూటికి 80 వంతుల కాలమే తెరచి ఉంచాలంటే దాని సామర్థ్యం 410 సీసీకి తగ్గరాదు.

నిప్పుతో జాగ్రత్త

కార్బ్యురేటరుకు పెట్రోలు అందించే పంపు పీడనం 0.2 బార్ ప్రాంతంలో ఉంటుంది. త్రాటిలు ఇంజక్షనుకు సుమారు 1 బార్, మార్గ ఇంజక్షనుకు సుమారు 3 బార్ కావాలి. పాత రబ్బరు గొట్టం, పాత క్లిప్పు ఈ పీడనానికి ఆగవు. పైగా ఇథనాలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది. వేడి ఇంజను మీద సన్నని పెట్రోలు ధార పడితే ఫలితం వేరే చెప్పనక్కర లేదు. కాబట్టి ఇంజక్షనుకు తగిన గొట్టాలు, మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి పోయే మార్గం, ఇంజను ఆగినా ప్రమాదం జరిగినా పంపును తక్షణం ఆపే రిలే, స్విచ్చి తప్పనిసరి. ఈ పనిలో పొదుపు చేయదగిన చోటు ఇది కాదు.

విద్యుత్తు విషయంలో కూడా పరీక్ష అవసరం. పాత డైనమో నెమ్మది వేగంలో తగినంత విద్యుత్తు ఇవ్వలేదు, ఆల్టర్నేటరు కావాలి. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ధనధ్రువాన్ని బాడీకి కలిపేవారు. దానిని మార్చకుండా కంప్యూటరు బిగిస్తే అది క్షణంలో చెడిపోతుంది.

చట్టం మాట

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదని నిర్దేశిస్తున్నది. అంతేకాక, 2021లో వెలువడిన నిబంధనల ప్రకారం 50 సంవత్సరాలు దాటిన కారు 'వింటేజి' గుర్తింపు పొందాలంటే అది మూలరూపంలో ఉండాలి, ఇంజనులోగాని చట్రంలోగాని గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు. కనుక మార్పునకు ముందే రిజిస్ట్రేషను అధికారి అభిప్రాయం తీసుకోవడం, ఇంజను తలను కోయకుండా బోల్టులతో బిగించి మరల విప్పుకొనగలిగేటట్లు పని చేయడం, విప్పిన కార్బ్యురేటరును భద్రపరచడం వివేకం.

ఉస్తాదు చూపు, యంత్రం లెక్క

మన హైదరాబాదు షెడ్లలో పని నేర్చిన ఉస్తాదులు ఇంజను ఆపి, నాలుగు ప్లగ్గులూ విప్పి, వరుసగా పేర్చి చూస్తారు. లేత గోధుమ రంగు ఉంటే మిశ్రమం సరి. నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నంలా తెల్లబడితే తక్కువ. ఇది పాతకాలపు పద్ధతి అని తేలికగా చూడరాదు. లాంబ్డా గ్రాహకం నాలుగు సిలిండర్ల సగటు మాత్రమే చెబుతుంది, నాలుగు ప్లగ్గులు నాలుగు సిలిండర్ల నిజాన్ని వేరువేరుగా చెబుతాయి. పూర్తి భారం మీద కొంతదూరం నడిపి, వెంటనే ఇంజను ఆపి, 1, 4 ప్లగ్గులను 2, 3 ప్లగ్గులతో పోల్చకుండా ఏ జంట మార్గ ఇంజనుకూ ఇంజక్షను సరిచేశామని చెప్పరాదు.

విద్యార్థులు దీనినుండి గ్రహించవలసినది ఒక్కటే. ఎలక్ట్రానిక్ ఇంజక్షను పాత ఇంజనును కొత్త ఇంజనుగా మార్చదు. జంట మార్గాలు అలాగే ఉంటాయి, శక్తి కూడా చెప్పుకోదగినంత పెరగదు. లభించేది చలిలో సులభంగా లేవడం, ఎండకూ ఎత్తుకూ మారుతున్న ఇంధనానికీ తగినట్లు నడవడం, పొగ తగ్గడం. అదీ కొలత సరియైనప్పుడే. సగటు అంకె బాగున్నంత మాత్రాన ప్రతి సిలిండరు బాగున్నట్లు కాదు. భౌతికశాస్త్రం తరగతిలో నేర్చిన పీడన, సాంద్రతా సూత్రాలను చేతిలో పెట్టుకొని, షెడ్డులో ఉస్తాదు పక్కన నిలబడి ప్లగ్గు రంగు చదవడం కూడా నేర్చుకొన్నవాడే ఈ పనికి అర్హుడు.