పులి–మేక ఆటలో ఎవరి బలం ఎంత?

ఈసారి గోడపత్రికలో ఒక ఆట లెక్క రాస్తున్నాను. లెక్కలంటే భయపడేవాళ్ళు కూడా చదవండి, కూడికలూ తీసివేతలే ఉన్నాయి.

పులి–మేక మన గూడేల్లో అందరికీ తెలుసు. పులిజూదం అని కూడా అంటారు. గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, మేకలు 15. పులి మేక మీదినుంచి దూకితే మేక చచ్చినట్టు. మేకలన్నీ చేరి పులులను కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. 15 మేకలూ పెట్టేదాకా ఒక్క మేకను కూడా జరపకూడదు. మన హాస్టల్లో 5 మేకలు పోతే పులి గెలుపు అని పెట్టుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. గెలిచినవాళ్ళకు గోడ మీద బొగ్గుతో గీతలు పెడుతున్నాం కదా. ఆ గీతలు ఎక్కువున్నోళ్ళంతా పెద్ద తరగతులవాళ్ళే. ఎందుకంటే పెద్దోళ్ళు ముందే పులులు తీసుకుంటారు, ఐదో తరగతి పిల్లలకు మేకలే మిగుల్తాయి. వాళ్ళు ఓడి ఓడి "మాకు తెలివి లేదక్కా" అంటున్నారు. ఇద్దరైతే ఆడేదే మానేసినారు. తెలివి లేక కాదు, పులి దొరక్క. ఆ గీతలు కూర్చున్న చోటును లెక్కపెడుతున్నాయి, మనిషిని కాదు.

చదరంగంలో దీనికొక పద్ధతి ఉంది. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం చెప్పిన అర్పాడ్ ఎలో అనే సారు తయారుచేసినాడు. ప్రపంచ చదరంగ సంఘం 1970లో దాన్ని తీసుకుంది. ప్రతి ఒక్కరికీ ఒక అంకె ఉంటుంది. ఇద్దరి అంకెలు సమానమైతే ఎవరైనా గెలవొచ్చు. 200 తేడా ఉంటే పెద్ద అంకె ఆమెకు 100లో 76 పాళ్ళు రావాలి. 400 తేడా ఉంటే 91.

ఇప్పుడు ఒక ఆటకు 20 మార్కులు అనుకుందాం. 200 ఎక్కువ ఉన్న ఆమె గెలిస్తే 20లో 24 పాళ్ళు, అంటే దగ్గర దగ్గర 5 కలుస్తుంది. ఓడితే 15 పోతుంది. ఆ 15 గెలిచిన చిన్నదానికి పోతుంది. బలమైనవాళ్ళ మీద గెలిస్తే ఎక్కువ, బలం లేనోళ్ళ మీద గెలిస్తే కొంచెం. న్యాయమే కదా!

కానీ చదరంగంలో రెండు పక్కలా ఒకే బలగం. మనకు అట్ల కాదు. అందుకే ఒక్కొక్కరికి రెండు అంకెలు పెడదాం: పులి అంకె, మేక అంకె. మొదట అన్నీ 1000. నా పులి నీ మేకతో ఆడితే నా పులి అంకె, నీ మేక అంకె మాత్రమే మారతాయి. తర్వాత పక్కలు మార్చుకొని ఇంకో ఆట తప్పనిసరి. ఒక నెల ఆడినాక అందరి పులి అంకెలూ పైకి, మేక అంకెలూ కిందికి పోతే, ఆటలోనే పులికి బలం ఎక్కువని తెలిసిపోతుంది. అప్పుడు పులిని 5కు బదులు 6 మేకలు చంపమనొచ్చు.

రెండు మూడు ఆటలకే అంకె చూసి ఎవరినీ ఎక్కిరించవద్దు. ఇరవై ఆటలన్నా కావాలి. ఇంకొకటి, ఈ అంకె కలిసి ఆడినవాళ్ళ మధ్యనే పనికొస్తుంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది, అంటే నాకంటే ఒక్క ఏడు పెద్ద. 2007లో 2600 దాటింది, ఆడవాళ్ళలో జూడిత్ పోల్గార్ తర్వాత ఆమే. ఆ 2600కూ మన 1000కీ సంబంధం లేదు, ఆట వేరు, ఆడేవాళ్ళు వేరు.

మా అవ్వ బడికి పోలేదు, అంకెలు చదవలేదు. కానీ చింతగింజలతో మేకలు పెట్టి మా నాయన పులులను కట్టేస్తుంది. ఆమెకు అంకె రావాలంటే మనతో ఆడాల్సిందే. ఆదివారం చూడను వచ్చే అవ్వలను, అమ్మలను కూడా కూర్చోబెట్టండి. అల్లగడ్డలో రాతిపని చేసేవాళ్ళు ఎంతమందో ఉన్నారు, ఒక బండ మీద గీతలు చెక్కించుకుంటే రోజూ సుద్దముక్క ఖర్చు ఉండదు.

ఈ లెక్క చేసి నాకు చూపించండి: పులి అంకె 1100 ఉన్న అక్క, మేక అంకె 900 ఉన్న చెల్లెలితో ఆడి ఓడింది. ఇప్పుడు ఇద్దరి అంకెలు ఎంత?