బొగ్గుతో వరిగడ్డి సహదహనం: బాయిలర్‌పై, నేలపై ప్రభావం

బొగ్గుతో పాటు పంట అవశేషాలను బాయిలర్లలో మండించడాన్ని సహదహనం అంటారు. కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో సవరించిన విధానం థర్మల్ విద్యుత్ కేంద్రాలు ప్రధానంగా వ్యవసాయ వ్యర్థాలతో చేసిన గుళికలను బొగ్గులో 5 శాతం మేర కలపాలని నిర్దేశించింది. పంజాబు, హర్యానా పొలాల్లో వరిగడ్డిని తగులబెట్టడాన్ని తగ్గించడం దీని ఉద్దేశాలలో ఒకటి.

వరిగడ్డిలో గంధకం తక్కువ కాని, పొటాషియం, క్లోరిన్, సిలికా ఎక్కువ. దహన సమయంలో పొటాషియం సిలికాతో కలిసి, తక్కువ ఉష్ణోగ్రతలోనే కరిగే సిలికేట్లుగా మారి గొట్టాలపై పేరుకుంటుంది. ఉష్ణ ప్రసారం తగ్గుతుంది. పొటాషియం క్లోరైడ్ లోహాన్ని తినివేస్తుంది. మిశ్రమంలో గడ్డి శాతం తక్కువగా ఉన్నంతవరకు బొగ్గులోని గంధకం, అల్యూమినో సిలికేట్లు పొటాషియంను బంధించి ఈ నష్టాన్ని అదుపులో ఉంచుతాయి. శాతం పెరిగేకొద్దీ ఈ రక్షణ సన్నగిల్లుతుంది.

బాయిలర్‌కు చేటైన ఈ పొటాషియమే పైరుకు పోషకం. టన్ను వరిగడ్డితో సుమారు 15 కిలోల పొటాషియం పొలం దాటిపోతుంది. బొగ్గు బూడిదలో బంధితమైన తరువాత అది మొక్కకు సులభంగా అందదు. అయితే గడ్డిలోని పొటాషియం, క్లోరిన్‌లలో అధిక భాగం నీటిలో కరుగుతుంది. కోత అనంతరం గడ్డి వానకు తడిస్తే అవి మడిలోకే చేరుతాయి. తిరిగి బాగా ఆరిన గడ్డి ఇంధనంగానూ మెరుగుపడుతుంది.

వాన లేనిచోట, తరువాతి పంటకు వ్యవధి చాలనిచోట ఇది సాధ్యం కాదు. అక్కడ గడ్డి అమ్మే రైతుకు భూసార పరీక్ష ఆధారంగా పొటాష్‌ను సిఫారసు చేయాలి. ఆ ఖర్చును గడ్డి ధరలో లెక్కించుకొనేలా రైతుకు అవగాహన కల్పించడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.