రూపకుండము

మన దిల్‌సుఖ్‌నగరునుండిగాని ఎల్.బీ. నగరునుండిగాని నాగోలు, ఉప్పలు మీదుగా హబ్సిగూడకు పోవు విద్యార్థులు త్రోవలో సి.సి.ఎం.బి. అను గొప్ప పరిశోధనాలయమును చూచియుందురు. హిమాలయములలోని యొక చిన్న సరస్సును గూర్చిన చిక్కుముడిని విప్పుటలో ఈ పరిశోధనాలయము ముఖ్యముగా పాటుపడినది.

ఆ సరస్సు పేరు రూపకుండము. అది ఉత్తరాఖండ రాష్ట్రమున, చమోలీ జిల్లాలో, త్రిశూల పర్వతము చెంత, సముద్రమట్టమునకు సుమారు 5,000 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటికి బండిబాట లేదు. ఆహారము, గుడారము, కంబళ్లు మూటగట్టుకొని కొన్ని దినములు కొండయెక్కి నడువవలెను. అంత యెత్తున ఊపిరికి అందు ప్రాణవాయువు మైదానమున లభించుదానిలో ఇంచుమించు సగమే. కావున శరీరమునకు అలవాటగునట్లు మెల్లగా నెక్కవలెను. త్వరపడినవారికి తలనొప్పి, వాంతులు, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును గలుగును.

1942లో ఒక అటవీశాఖోద్యోగి ఈ సరస్సునొద్ద అనేకుల యెముకలను కనుగొనెను. మొత్తము కొన్ని వందలమందివని తరువాత అంచనా వేసిరి. వీరెవరు? సైనికులని కొందఱు, అంటువ్యాధికి బలియైనవారని కొందఱు ఊహించిరి. కొన్ని పుఱ్ఱెలపై దెబ్బలు కానవచ్చుటచే, పెద్ద వడగండ్లవాన కురిసి యాత్రికులందఱు ఒక్కమాఱే మరణించిరని పలువురు నమ్మిరి.

సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు తంగరాజ్ మొదలగువారు విదేశ శాస్త్రజ్ఞులతో గూడి ఎముకలను పొడిచేసి, అందలి డి.ఎన్.ఏ.ను పరీక్షించి, 2019లో ఫలితములను ప్రకటించిరి. పరీక్షింపబడినవారు 38 మంది. వారిలో 23 మంది మన దేశపు జనులను పోలినవారు. వీరు సుమారు క్రీ.శ. 800 ప్రాంతమున, అదియు వేర్వేరు సమయములలో, మరణించిరి. 14 మంది గ్రీసు, క్రీటు ప్రాంతముల జనులను పోలినవారు. వీరి కాలము సుమారు క్రీ.శ. 1800. ఒకరు ఆగ్నేయాసియావారిని పోలినవారు. అనగా అందఱు ఒక్కనాడే మరణించిరన్న మాట నిలువలేదు.

నందాదేవి యాత్రామార్గము ఈ సరస్సు మీదుగనే పోవును గనుక, మొదటివారిలో కొందఱు యాత్రికులై యుండవచ్చును. అంతదూరపు మధ్యధరా తీరవాసులను పోలినవారు అచ్చటికేల వచ్చిరో నేటికిని తేలలేదు.

అచ్చటికి పోయినవారు కొందఱు గుర్తుగా నుండుటకని ఎముకలను మూటలలో దాచి తెచ్చిరి. విద్యార్థులారా! ఆ ఎముకలు ఒకనాడు మనవలె నడచిన మనుష్యులవి. తెచ్చిన ప్రతి యెముకతోను ఒక సాక్షి మాయమైనట్లే. కొండ నెక్కుటయందేగాక కారణము నిర్ణయించుటయందును తొందర కూడదు. పోయినచోట దేనిని కదలింపక, చూచినదానిని చూచినట్లు వ్రాసికొని వచ్చుటయే ఉత్తమము.