ముల్లు చెప్పు మాట



అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలందురు. అన్నము విషయమున ఈ మాట నిజమే. మోటారు ఇంజను విషయమున మాత్రము ఒక్క ముల్లును చూచి తీర్పు చెప్పరాదు. ఈ సంగతి మాకు ఒక బాలుని కాలిన చేయి నేర్పినది.

మా పాఠశాలలో చదివి వెడలిన ఆ బాలుడు ఒక మరమ్మతు షెడ్డులో పనికి కుదిరెను. ఒకనాడు ఎండవేళ ఒక లారీ వేడెక్కి వచ్చి అక్కడ నిలిచినది. అతడు లోపలి ఉష్ణమాపకమును చూచెను. ముల్లు చల్లని వైపున ఉన్నది. భయము లేదనుకొని రేడియేటరు మూత త్రిప్పెను. ఆవిరియు, మరుగు నీరును పైకెగసి అతని కుడిచేయి మోచేతివరకు కాలెను. మేము చూడబోయినప్పుడు అతడు, "అయ్యవారూ! ముల్లు చల్లగా ఉందనే చూపింది గదా, అబద్ధమెందుకు చెప్పింది?" అని అడిగెను. మేము తెలుగు చెప్పు పంతులమే కాని యంత్రశాస్త్రజ్ఞులము కాము. ఐనను ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. తెలిసినవారిని అడిగి, చదివి గ్రహించిన దానిని ఇచట వ్రాయుచున్నాము.

ఉదాహరణమునకు ఇంగ్లండు దేశపు ఎం.జి.బి. అను పాత స్పోర్ట్సు కారును తీసికొందము. ఇది ఆబింగ్డన్ పట్టణమున 1962 మొదలు 1980 వరకు తయారైనది. దీని ఇంజను పరిమాణము 1798 ఘన సెంటీమీటర్లు. దీనినే ఏల ఎన్నుకొంటిమనగా, ఉష్ణమాపకములలోని రెండు జాతులును ఈ ఒక్క కారు చరిత్రలోనే కానవచ్చును.

తొలి బండ్లలో ఉన్నది ఆవిరి పీడనముచే పనిచేయు మాపకము. ఇంజను తలభాగమున నీటిలో మునిగియుండు ఒక చిన్న లోహపు బుడ్డి కలదు. అందు ఈథరు వంటి త్వరగా ఆవిరియగు ద్రవము ఉండును. నీరు వేడెక్కిన కొలది లోపలి ఆవిరి పీడనము పెరుగును. ఆ పీడనము వెండ్రుక వంటి సన్నని రంధ్రము గల గొట్టము ద్వారా డయలు వెనుకనున్న వంపు గొట్టమును చేరును. పీడనము హెచ్చగా ఆ వంపు విచ్చుకొనును. దానితో ముల్లు కదలును. ఇట్టి వంపు గొట్టమును ఫ్రాన్సు దేశీయుడైన యూజీన్ బూర్డాన్ 1849లో కనిపెట్టెను. ఉష్ణోగ్రత హెచ్చిన కొలది ఆవిరి పీడనము మరింత వేగముగా హెచ్చును. కావున ఇట్టి డయలుపై చల్లని వైపు గీతలు ఇరుకుగను, వేడి వైపు గీతలు ఎడముగను ఉండును.

తరువాతి బండ్లలో విద్యుత్తుచే పనిచేయు మాపకము వచ్చినది. ఇందు నీటిని తాకియుండు గ్రాహకమునకు ఒక గుణము కలదు: వేడి హెచ్చగా దాని విద్యున్నిరోధము తగ్గును. నిరోధము తగ్గిన ప్రవాహము హెచ్చును. ఆ ప్రవాహము డయలులోని రెండు లోహముల పట్టీని వేడిచేసి వంచును, ముల్లు లేచును. బ్యాటరీ వోల్టేజి ఒక్క తీరుగా నిలువదు గనుక, దానిని సగటున 10 వోల్టులకు సరిదిద్దు స్థిరీకరణి యొకటి వీనికి తోడుగా ఉండును. పెట్రోలు మాపకము కూడ దీనిపైననే ఆధారపడును. కావున ఉష్ణమాపకపు ముల్లు, పెట్రోలు ముల్లు రెండును ఒక్కసారిగా పైకి లేచినచో, ఇంజనునకు జ్వరము వచ్చినదని తొందరపడరాదు. ముందుగా స్థిరీకరణిని, దాని ఎర్తు తీగ బిగువును పరీక్షింపవలెను.

ఇక ముల్లు ఎచట నిలువవలెను? ఈ కారులో సామాన్యముగా 82 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద తెరచుకొను థర్మోస్టాటు అమర్తురు. కావున సమమైన బాటపై సాగునపుడు ముల్లు ఆ ప్రాంతమున, అనగా డయలు నడుమ, నిలుచుట సహజము. ఎత్తు ఎక్కునపుడును, వాహనముల రద్దీలో ఆగి ఆగి సాగునపుడును కొంత లేచును. ఇంజను ఆపి, కొన్ని నిమిషముల తరువాత మరల త్రిప్పినపుడు కూడ ముల్లు పైన కనబడవచ్చును. ఏలయనగా పంపు ఆగినందున కదలక నిలిచిన నీరు లోహపు వేడిని గ్రహించును. బండి సాగిన కొంతసేపటికి అది దిగినచో చింత లేదు.

నూరు డిగ్రీలు దాటగానే నీరు మరుగునని భయపడువారు కలరు. మూత గట్టిగా ఉన్నంతవరకు అట్లు జరుగదు. రేడియేటరు మూత చదరపు అంగుళమునకు 10 పౌనుల అదనపు పీడనమును నిలుపునదైనచో, సముద్రమట్టమున నీరు సుమారు 115 డిగ్రీల వరకు మరుగదు. మన ఇండ్లలోని ప్రెషరు కుక్కరు ధర్మమే ఇది. ఐతే ఇందులోనే ప్రమాదము దాగియున్నది. మూత తీసిన తక్షణమే పీడనము పడిపోవును. అంతవరకు మరుగక నిలిచిన నీరు ఒక్క పెట్టున మరిగి పైకెగయును.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తము. ముల్లు అబద్ధమాడలేదు, తాను తాకిన దానినే అది చెప్పినది. గొట్టము పగిలి నీరు కారిపోయినచో బుడ్డి గాలిలో మిగులును. నీటివలె గాలి వేడిని చక్కగా అందీయజాలదు. కావున ఇంజను మండుచున్నను ముల్లు క్రిందికి దిగవచ్చును. సన్నని గొట్టము చిట్లి ఈథరు పోయినను, గ్రాహకపు తీగ తెగినను ముల్లు చల్లని వైపుననే పడును. ఆ తీగయే ఇంజను లోహమునకు తగిలినచో, ముల్లు వేడి కొసకు పోవును. వేడియని చూపు ముల్లు మనలను ఆపి, పరీక్షింపజేయును. కారణము లేక చల్లబడిన ముల్లు మనలను ఏమరుపాటున పడవేయును. ఈ రెండవదే మిక్కిలి అపాయకరము.

కావున మాపకమును అప్పుడప్పుడు సరిచూచుకొనవలెను. బుడ్డిని, నమ్మదగిన థర్మామీటరును ఒకే పాత్రలోని నీటిలో ముంచి, వేడిచేయుచు పోల్చవలెను. మన హోసూరు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచట నీరు సుమారు 97 డిగ్రీలకే మరుగును. ఇది యెరుగనివాడు సరియైన మాపకమునే తప్పుపట్టును.

దారిలో ముల్లు హెచ్చినచో బండిలోని హీటరును పూర్తిగా తెరచి, కొంత వేడిని అటు మళ్ళింపవచ్చును. అప్పటికిని దిగనిచో బండి నిలిపి, ఇంజను ఆపవలెను. సాహసించి నడిపినచో గాస్కెట్టు కాలును, సిలిండరు హెడ్డు వంగును. ముల్లు ఏమి చెప్పినను, ఇంజను పూర్తిగా చల్లారువరకు రేడియేటరు మూతపై చేయి వేయరాదు.

ఆ బాలుని చేయి మానినది. మచ్చ మాత్రము మిగిలినది. మన హోసూరు చుట్టును మోటారు కర్మాగారములు కలవు. మీలో పలువురు రేపు ఆ పనులలో చేరవచ్చును. ముల్లును చూచునపుడు, అది దేనిని తాకి ఈ మాట చెప్పుచున్నదని ఒక్క క్షణము ఆలోచింపుడు. అట్టి మచ్చ మీకు కలుగకుండుటయే మా కోరిక.

అభ్యాసము

1. రెండు ముండ్లును ఒక్కసారి లేచిన, దోషమును ముందుగా ఎచట వెదకవలెను? ఏల?
2. నీరు కారిపోయిన ఇంజనులో ముల్లు దిగుటకు కారణమేమి?
3. హోసూరులో నీరు 100 డిగ్రీలకు ముందే మరుగుటకు కారణమును వివరింపుడు.