పొగగొట్టపు పొయ్యి: ఇంట అమర్చుకొనునపుడు తీసికొనవలసిన జాగ్రత్తలు

కార్తీకము దాటి మార్గశిరము ప్రవేశించగానే సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములలో తెల్లవారుజామున చలి గట్టిపడును. కొన్ని దినములలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియసుకు దిగువకు పోవుటయు గలదు. చలి దేశములలో వలె గదిని వెచ్చచేయుటకు ప్రత్యేకమైన పొయ్యి మన ఇండ్లలో లేదు. వంటపొయ్యియో, నీళ్ళు కాచు పొయ్యియో, రాత్రిపూట బొగ్గుల కుంపటియో ఆ పని చేయుచున్నది. వంటకు గ్యాసు వచ్చిన ఇండ్లలో సైతము స్నానపు నీళ్ళకు కంది కట్టె, పత్తి కట్టె మండించువారు గలరు.

ముందుగా కుంపటి సంగతి చెప్పవలెను. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో కుంపటి పెట్టుకొని పండుకొనుట ప్రాణాపాయము. పొగ కనబడనంత మాత్రమున అపాయము లేదనుకొనరాదు. బొగ్గులు చాలినంత గాలి లేక మండునపుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుటకంటె 200 రెట్లకు పైగా బలముగా ఈ వాయువును పట్టుకొనును. తలనొప్పి, వికారము, కళ్ళు తిరుగుట మొదటి గుర్తులు. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులు తెలియకయే స్పృహ తప్పును. పాశమైలారము, బొల్లారము కార్ఖానాల చుట్టునున్న చిన్న రేకుల గదులలో నివసించువారు ఈ మాట మరింతగా గుర్తుంచుకొనవలెను. కుంపటికి బదులు పొగగొట్టము గల మట్టిపొయ్యి మేలు. దాని మందపాటి గోడలు వంట వేళ వేడిని పీల్చుకొని, నిప్పు ఆరిన పిమ్మట గూడ కొంతసేపు గదిని వెచ్చగా ఉంచును.

ఈ పొయ్యి మనకు కొత్త కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు అధిపతిగా ఉండిన డాక్టరు ఎస్.పి. రాజు మట్టితో, కొద్దిపాటి ఖర్చుతో కట్టుకొనదగిన పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అను పుస్తకమును ప్రకటించిరి. తరువాత 1983 మొదలు 2002 వరకు మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమము దేశమంతట నడచినది. అట్లు కట్టిన పొయ్యిలలో అనేకము కొద్ది ఏండ్లకే మూలబడినవి. గొట్టము మసితో పూడిపోవుట, పగిలిన గొట్టమును మార్చకుండుట అందుకు ముఖ్య కారణములలో కొన్ని. కావున పొయ్యి కట్టుట ఒక పూట పని. గొట్టమును సరిగా నిలబెట్టి కాపాడుకొనుటయే అసలు పని.

పొయ్యిని గడ్డివాము, పత్తి నిలువ, పురుగుమందులు ఉన్న చోటికి దూరముగా, ఇటుక గోడను గాని మట్టి గోడను గాని ఆనించి కట్టవలెను. తలుపునకు ఎదురుగా కట్టినచో గాలి నిప్పును ఎగజిమ్మును. పుట్టమన్ను, తరిగిన గడ్డి, పేడ కలిపి మెత్తగా తొక్కిన మట్టి శ్రేష్ఠము. కట్టిన పిమ్మట నీడన బాగుగా ఆరనిచ్చి, మొదట చిన్న మంటలు పెట్టి, అటు పిమ్మట నిండు మంట పెట్టవలెను. తొందరపడినచో పొయ్యి బీటలు వారును. ఆ బీటల గుండా పొగ గదిలోనికి వచ్చును.

గొట్టము లోపలి వెడల్పు 10 సెంటీమీటర్లు ఉండవలెను. కాల్చిన మట్టి గొట్టములు మంచివి. పాత ఆస్బెస్టాసు గొట్టములను కోసి వాడరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. ప్లాస్టికు గొట్టము మాట తలపెట్టనే రాదు. గొట్టము నిటారుగా పొయ్యి మీద కనీసము 2 మీటర్లు ఉండి, ఇంటి కొప్పు కంటె సుమారు 60 సెంటీమీటర్లు పైకి లేవవలెను. వంపులు ఎంత తక్కువైన అంత మంచిది. అడుగున మసి తీయుటకు ఒక చిన్న వాకిలి విడిచి, దానిని పెంకుతో మూసి మట్టి మెత్తవలెను. పైన వానకు రేకు టోపీ పెట్టునపుడు గొట్టమునకు టోపీకి నడుమ జానెడు సందు ఉంచవలెను.

ఇంటికి నిప్పు అంటుకొను తావు పైకప్పు వద్ద గలదు. ఒంటి ఇనుప రేకు గొట్టమునకు, దూలము, వాసములు మొదలగు కొయ్యకు నడుమ 45 సెంటీమీటర్ల ఎడము ఉండవలెను. అంత ఎడము కుదరనిచో గొట్టమును ఇటుక గోడ గుండా బయటకు తీసి, గోడ వెంట పైకి లేపుట మేలు. రేకుల కప్పులో రంధ్రము పెద్దదిగా చేసి, చుట్టు రేకు పట్టీ అమర్చవలెను. ఆ సందును గోనె, స్పంజి, థర్మోకోలు ముక్కలతో కూరుట మిక్కిలి ప్రమాదకరము. మేస్త్రీ వాన కారకుండుటను చూచును గాని నిప్పును చూడడు. ఇంటివారే దగ్గర నిలిచి చేయించుకొనవలెను. గడ్డికప్పు గుండా గొట్టము తీయనే రాదు. అట్టి ఇండ్లవారు విడిగా రేకుల సాయబాను వేసి అందులో పొయ్యి పెట్టుకొనవలెను.

కొందరు వేడి నిలుచునని రాత్రి నిప్పులు ఉండగనే గొట్టపు మూతను పూర్తిగా మూయుదురు. ఇది కుంపటితో సమానమైన తప్పు. నిప్పు పూర్తిగా ఆరకముందు పొగదారి మూయరాదు. పొయ్యి ఉన్న గదిలో క్రింది వైపున బయటి గాలి వచ్చుటకు కన్నము ఉండవలెను. గోడకు గాలి లాగు పంకా ఉన్నచో, పొయ్యి వెలిగినపుడు దానిని ఆపవలెను. లేనిచో అది గొట్టములోని పొగను గదిలోనికే లాగును.

కార్ఖానాల నుండి వచ్చు కొయ్యను, డ్రమ్ములను గురించి ఒక మాట. రసాయనములు ఒలికినవి, రంగు వేసినవి, ‘ఎంబీ’ అను ఇంగ్లీషు అక్షరముల ముద్ర గలవి అగు చెక్కలను పొయ్యిలో పెట్టరాదు. ఆ ముద్ర మిథైల్ బ్రోమైడు అను విషవాయువుతో శుద్ధి చేసిన చెక్కకు గుర్తు. ఖాళీ రసాయన డ్రమ్మును పొయ్యిగా గాని నీళ్ళ కాగుగా గాని మార్చరాదు. మూత బిగించిన డ్రమ్మును వెల్డింగు మంటతో కోయునపుడు లోపల మిగిలిన ఆవిరి పేలును.

పచ్చి కట్టె వలన గొట్టములో జిగురు వంటి మసి త్వరగా పేరుకొనును. చలికాలములో 15 దినములకు ఒకసారి, పొయ్యి చల్లారిన పిమ్మట, త్రాటికి గోనె చుట్టిన రాయి కట్టి పైనుండి దింపి మసి రాల్చవలెను. వాన కాలము తరువాత మొదటిసారి వెలిగించుటకు ముందు పక్షి గూళ్ళు ఉన్నవేమో చూడవలెను. గొట్టము హోరుమని మ్రోగుచు పైనుండి నిప్పురవ్వలు లేచినచో లోపలి మసి అంటుకొన్నదని గ్రహింపవలెను. అప్పుడు నీళ్ళు పోయరాదు. గొట్టము పగిలి మంట ఇంటికి సోకును. పొయ్యి నోరు రేకుతో మూసి, అందరు బయటకు వచ్చి 101కి ఫోను చేయవలెను. పొగ వలన స్పృహ తప్పినవారిని వెంటనే బయటి గాలికి చేర్చి 108ని పిలువవలెను.

పొయ్యి బూడిదను రాత్రంతయు రేకు డబ్బాలో చల్లారనిచ్చిన పిమ్మట మాత్రమే పెంటకుప్ప వైపు తీసికొనిపోవలెను. శుభ్రమైన కట్టె బూడిదలో పొటాషు ఉన్నది గనుక కూరగాయల మళ్ళకు పనికివచ్చును. చౌడు నేలకు వేయరాదు. యూరియాతో కలిపి చల్లరాదు.