భజనలో మీ గొంతుకి చోటెక్కడ? గాస్పెల్ బృందగానం నేర్పే పాఠం

పోయిన వీడియోలో నామసంకీర్తన గురించి చెప్పుకున్నాం కదా, ఇది దానికి తోడు పాఠం.

మనలో చాలామంది భజనకి వస్తారు, తాళం వేస్తారు, పాడమంటే మాత్రం "నాకు శ్రుతి అందదండీ" అని ఊరుకుంటారు. నన్నడిగితే, లోపం ఎప్పుడూ గొంతులోనే ఉండదు. మామూలుగా మగవాళ్లకి ఒకటి, ఒకటిన్నర శ్రుతి హాయిగా ఉంటే, ఆడవాళ్లకి ఐదు, ఐదున్నర దగ్గర హాయిగా ఉంటుంది. ఒకే శ్రుతిలో అందరూ పాడాలంటే ఎవరో ఒకరికి కష్టం తప్పదు.

దీనికి ఆఫ్రికన్ అమెరికన్లు చక్కటి దారి చూపించారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా అమెరికాకి తెచ్చినవాళ్ల దగ్గర ఆస్తిపాస్తులేవీ లేవు, పాడే పద్ధతి మాత్రం నిలిచింది. ఒకరు అందిస్తే మిగతావాళ్లు అందుకుంటారు, అచ్చం మన భజనలాగే. 1871లో నాష్‌విల్‌లోని ఫిస్క్ విద్యాసంస్థ డబ్బుల్లేక ఇబ్బంది పడుతుంటే, అక్కడి విద్యార్థులు ఈ పాటలే పాడుతూ ఊరూరా తిరిగి నిధులు తెచ్చారు. వాళ్లలో ఎక్కువమంది బానిసత్వంలో పుట్టినవాళ్లే. తర్వాత 1930ల్లో థామస్ డోర్సీ లాంటివాళ్లు బ్లూస్ పోకడ కలిపి గాస్పెల్‌ని తీర్చిదిద్దారు.

గాస్పెల్ బృందంలో సాధారణంగా మూడు స్థాయిలు ఉంటాయి: సొప్రానో, ఆల్టో, టెనర్. ఎవరి గొంతుకి తగ్గ వరస వాళ్లది. 'స్వీట్ హనీ ఇన్ ద రాక్' బృందంలో 1979 నుంచి 2013 దాకా పాడిన ఈసాయే బార్న్‌వెల్ స్త్రీ అయినా బేస్ పాడేవారు. ఆమె వర్క్‌షాపుల్లో నొటేషన్ చదవడం రానక్కర్లేదు. గురుముఖంగా విని నేర్చుకోవడమే. పాడటం వచ్చినవాళ్లు, రానివాళ్లు కలిసే కూర్చుంటారు.

"బాగానే ఉంది, ఇది మన భజనకి నప్పుతుందా?" అంటారా? ఆలిస్ కోల్ట్రేన్ గురించి వినండి. డెట్రాయిట్ చర్చిల్లో వాయిస్తూ పెరిగిన జాజ్ కళాకారిణి ఆమె. తర్వాత తురీయసంగీతానందగా మారి, 1980ల్లో కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టారు. అక్కడ సంస్కృత భజనలు గాస్పెల్ ఊపుతో, ఆర్గాన్ నాదంతో సాగేవి. 1987 నాటి 'డివైన్ సాంగ్స్' వింటే ఆ కలయిక ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. మన సంగీతానికి రాగం ప్రాణం. ఇష్టమొచ్చిన స్వరం కలిపితే రాగం చెడుతుంది. అందుకే మోహనంతో మొదలుపెడదాం. అందులో స, గ, ప మూడూ ఉన్నాయి.

ఈ వారం ఇలా చేయండి:

1. తంబురా యాప్ పెట్టుకుని, మోహనంలో ఒక నామావళి అందరూ మామూలుగానే పాడండి.
2. షడ్జమం మీద ముగిసే వరస చూసుకుని, ఆ చివరి అక్షరం దగ్గర ఆగండి. ఒక జట్టు 'స', రెండో జట్టు 'గ', మూడో జట్టు 'ప' పట్టుకోవాలి.
3. ముందు 'స' నిలబడ్డాకే 'గ' చేరాలి, ఆ తర్వాతే 'ప'.
4. పక్కవాళ్ల గొంతు మీకు వినపడకపోతే మీరు గట్టిగా పాడుతున్నట్టే. కాస్త తగ్గించండి.

ఆ నాలుగోదే అసలు సాధన. పక్కవాళ్లని వినడం మొదలైతే "నా గొంతు ఎలా ఉందో" అనే బెంగ దానంతటదే తగ్గుతుంది. నామం మీదకి మనసు వెళ్లేది అప్పుడే.