మల్లెపొదల కత్తిరింపు

మల్లెతోట నాటిన రెండు మూడేండ్లవఱకు రైతునకు చింత యుండదు. పిదప పొదలు గుబురై, కొమ్మ లొకదానిపై నొకటి పడి, సాళ్ల నడుమ కాలిడ వీలులేకుండ పెరుగును. ఆకు నిండుగ నుండును. పూవు మాత్రము ఏటేట తగ్గును. అట్టి తోటను చూచి, భూమి సారము చెడినదని తలంచి, పొదలను పెల్లగింప నెంచిన సభ్యులను మేమెఱుగుదుము. వారికి మా మనవి యొక్కటే: గడ్డపాఱ పట్టుటకు ముందు ఒక్క యేడు కత్తెర పట్టి చూడుడు.

మల్లెమొగ్గ క్రొత్తగా సాగిన రెమ్మలపైననే పట్టును, ముదురుకొయ్యపై పట్టదు. కత్తెర పడని పొద తన బలమునంతయు పాతకొయ్యను మోయుటకే వెచ్చించును.

గుండుమల్లెకు తగిన కాలము నవంబరు కడపటి వారము మొదలు డిసెంబరు వఱకు. అప్పుడు కోసిన పొద చిగిర్చి వేసవి మొదటికి మొగ్గ తొడుగును. జాజికి జనవరి రెండవ పక్షము మేలు. రెండు తోటలకు నొకే దినమున కత్తెర పట్టరాదు.

మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక ముసలి రైతు మల్లెతోటను ఫిబ్రవరి నెలాఖరున కోయించితిమి. పొదలు చక్కగనే చిగిర్చినవి గాని, ఆ యేటి తొలిపూత యంతయు పోయినది. పెండ్లిండ్ల నాటి పూలధర యెంతయో మీకు తెలియనిది కాదు. ఆయన మమ్మొక్క మాటయు ననలేదు. మఱుసటి యేడు మాత్రము కార్తికము వెళ్లినది మొదలు దినదినము మా యింటికి వచ్చి, “అయ్యగారూ, ఈపాటికి కోయవచ్చునా?” అని యడుగుచుండెను.

కోతకు ముందు పదునైదు ఇరువది దినములు నీరు కట్టరాదు. ఆకు పండి రాలును. కొందఱు గొఱ్ఱెలను తోలి ఆకు మేపుదురు. పురుగుమందు చల్లిన తోటలో నది ప్రమాదము. పిమ్మట కొమ్మలను త్రాటితో చేర్చికట్టి, నేలకు అడుగున్నర యెత్తున కోయవలెను. ఎండినవి, తెగులు పట్టినవి, లోపల నొండొంటిని ఒరయునవి మొదటికే తీసివేయవలెను. కొడవలి విసరరాదు, కొమ్మ చీలి, చీలికలో కుళ్లు పుట్టును. సన్నకొమ్మకు పదునుగల కత్తెర, బొటనవ్రేలి లావు దాటినదానికి చేతిరంపము వాడుడు.

లావుకొమ్మల గాయములకు బోర్డోపేస్టు పూయుట మంచిది. 100 గ్రాముల మైలుతుత్తమును, 100 గ్రాముల సున్నమును వేర్వేఱుగ అర లీటరు నీట కలిపి, పిదప రెంటిని చేర్చవలెను. ఇనుపపాత్ర పనికిరాదు, మట్టికుండ చాలును.

పదేండ్లుగా కత్తెర యెఱుగని పొదను ఒక్కసారిగ మోడు చేయుటకు మనసొప్పనివారు, ఈ యేడు ముదురుకొమ్మలలో మూడవవంతును మాత్రము నేలదగ్గఱ కోసి, తక్కినవానిని రాబోవు రెండేండ్లలో కోయవచ్చును. పూరాబడి బొత్తిగ నిలిచిపోదు.

కోత ముగిసిన పిమ్మట పాదులు త్రవ్వి, పొదకు 10 కిలోల చివికిన పశువులయెరువు వేసి నీరు పెట్టవలెను. తెగులుకొమ్మలను గట్టుపై కుప్పవేసి యుంచక, ఆనాడే తోటకు దూరముగ తగులబెట్టుడు.